వానకోయిల వంతు

వెన్జోనె, 9 అక్టోబరు 1994

ఒండీనా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయలేదని అలిగావట, బావ కార్డు రాశాడు. అలిగితే అలుగు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో మనిద్దరం మూడో నిమిషానికి జుట్టూ జుట్టూ పట్టుకుంటాం, పైగా దానికి బిల్లు కట్టాలి. ఉత్తరమైతే నువ్వు మధ్యలో అడ్డుపడలేవు.

మీ వదిన అల్దాని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి నెల దాటింది. కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు ఈడుస్తుంది. ఎడమ చెయ్యి బాగానే ఉంది. మాట మాత్రం పోయింది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఇక రాదు, ఆశ పెట్టుకోకండి" అన్నాడు. మనం చెప్పేదంతా తనకి అర్థమవుతుంది. రాయమని కాగితం ఇస్తే అక్షరాలు కుదరక పెన్ను విసిరికొట్టింది. తల ఊపమన్నా ఊపదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది. నేను వండిన పొలెంటా, ఆ మొక్కజొన్న సంకటి, అడుగంటిపోయినా ముఖం చిట్లించకుండా మింగేస్తోంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా వంటకి వంక పెట్టని రోజు లేదు కదా, ఇప్పుడిలా చూస్తుంటే నాకు భయమేస్తోంది చెల్లీ.

ఇంట్లో ఈ నిశ్శబ్దం భరించలేక మాట్లాడుకునే రేడియో పెట్టె వడ్రంగం షెడ్డులోంచి పడగ్గదిలోకి తెచ్చాను. సాయంత్రం కబుర్ల చక్రం ఇంకా తిరుగుతోంది, ఈసురోమంటూ. భూకంపం తర్వాత రోజులు గుర్తున్నాయా? టెలిఫోన్ తీగలన్నీ తెగిపోతే ఊరి కబురు లోకానికి చెప్పింది మీ వదిన గొంతే. ఆ తర్వాత మూడేళ్ళలో యాంటెన్నా లేని ఇల్లు లేదు. చక్రంలో ఒకళ్ళు మాట్లాడి పక్కవాళ్ళని మారుపేరుతో పిలిచి వంతు అప్పగిస్తారు కదా, మనదాకా వచ్చేలోపు భోంచేసి, గిన్నెలు కడుక్కుని రావొచ్చు. అంతమంది ఉండేవాళ్ళం. ఇప్పుడు ఆరుగురం. అందులో నీకు తెలిసినవాళ్ళు, బేకరీ అతను వేడిరొట్టె, మీ పాత టీచరమ్మ సుద్దముక్క. "రంపం, మీ వానకోయిల ఎలా ఉంది?" అని రోజూ నన్ను అల్దా గురించి అడుగుతారు. బాగానే ఉందంటాను. మంచం మీంచి తను ఆ అబద్ధం వింటూనే ఉంటుంది.

బావని అడిగానని చెప్పు.

డెబ్బైమూడు,
ఎర్మెస్


పొత్సాల్లో, 2 నవంబరు 1994

అన్నయ్యా,

ఏమిటా డెబ్బైమూడు? మీ రేడియోవాళ్ళ దీవెన అని తెలుసులే. సొంత చెల్లెలికి "ప్రేమతో" అని రాస్తే నీ సొమ్మేం పోతుంది? చెప్పు కొలతలాగా అంకె వేస్తావు.

ఉత్తరం చదివి ఆ పూట అన్నం సయించలేదు. వదినకి మాట పోవడమేమిటి అన్నయ్యా? అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. జడ వేసినా, వీపు మీద నాలుగు వేసినా, సైన్యంలో మన ఊరొచ్చిన ఈ సిసిలీ మనిషికి నన్నిచ్చి చెయ్యమని నీతో పోట్లాడినా అన్నీ ఆవిడే. ఆ నోరు లేకపోతే నేనీపాటికి మన ఊళ్ళో జున్ను కాస్తూ ఉండేదాన్ని.

నీ మీద మాత్రం నాకు మండుతోంది. మనిషి మంచంలో ఉంటే నువ్వు ఆవిడ తలదగ్గర ఆ గోలపెట్టె పెడతావా? అది గరగరమంటుంటే జబ్బుమనిషికి నిద్ర పడుతుందా? మీ బావ కూడా అంతే, నువ్వు నేర్పిన విద్యేగా. వీధిలో అందరి టీవీలూ చెడగొట్టి, ఎదురింటి అగతీనాతో నన్ను తిట్టించాడు. ఇప్పుడు ఆయన పెట్టె అటక మీద ఎలకలకి కాపురమైంది, నా ప్రాణం హాయిగా ఉంది. ఇక్కడ ఎవరూ వాడట్లేదు. అదొక మోజు, పోయింది. నువ్వే ఇంకా పట్టుకుని వేలాడుతున్నావు.

వదినని మా దగ్గరికి పంపించు. ఇక్కడ చలి లేదు, సముద్రం గాలి. నేను చూసుకుంటాను.

ప్రేమతో (చూశావా, ఎంత తేలికో),
ఒండీనా


వెన్జోనె, 22 జనవరి 1995

ఒండీనా,

తొందర్లో రాస్తున్నాను, జిగురు ఆరేలోపు. మంచి కబురు. వానకోయిల చక్రంలోకి తిరిగొచ్చింది! క్రిస్మస్ ముందు మొదలుపెట్టింది, రోజూ తన వంతు తీసుకుంటోంది. మొన్న సుద్దముక్కతో పోట్లాట కూడా పెట్టుకుంది. ముసలావిడ చేతులెత్తేసింది. నిన్న నా పొలెంటా సగం తిని కంచం తోసేసింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

మంచు మోకాలిదాకా ఉంది. బావకి డెబ్బైమూడు, నీకూను.

ఎర్మెస్


పొత్సాల్లో, 6 ఫిబ్రవరి 1995

అన్నయ్యా, నా బంగారు అన్నయ్యా,

ఉత్తరం చదివి వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చాను. మీ బావ ఎవరో పోయారనుకుని పరిగెత్తుకొచ్చాడు. వదిన మాట్లాడిందని చెబితే ఆ మనిషీ ఏడ్చాడు. బాదం మిఠాయి చేసి వీధంతా పంచాను. అగతీనాకి కూడా పెట్టాను, అదే పెద్ద విశేషం. చర్చిలో దీపం వెలిగించి వచ్చాను. డాక్టర్ల మొహం! రాదన్నారే!

నేనేదో ఆ పెట్టెని తిట్టాను, మనసులో పెట్టుకోకు.

దీనితో ఖాళీ క్యాసెట్టు పంపిస్తున్నాను. వదిన గొంతు రికార్డు చేసి పంపు. ఎక్కువ వద్దు, అలిసిపోతుంది. "ఒసే ఒండీనా" అంటే చాలు. చిన్నప్పుడు అన్నట్టే అనమను. తిట్టినా సరే.

బోలెడు ప్రేమతో,
ఒండీనా


వెన్జోనె, 19 ఫిబ్రవరి 1995

ఒండీనా,

నీ క్యాసెట్టు నీకే తిప్పి పంపుతున్నాను. మూగదాన్ని పాడమంటావా? నీ ఉత్తరం అలవాటు కొద్దీ అల్దాకి పైకి చదివి వినిపించాను. క్యాసెట్టు దగ్గరికొచ్చేసరికి ఆగలేకపోయాను, చదివేశాను. మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు మైకు ముట్టుకోలేదు.

మాట్లాడిందని నేనెక్కడ రాశాను? వంతు తీసుకుందని రాశాను. నా వంతయ్యాక మైకు తన ఎడమ చేతిలో పెడతాను. తను బటన్ నొక్కుతుంది. మాట ఉండదు. కానీ నొక్కగానే అవతలి వాళ్ళ పెట్టెల్లో హోరు ఠక్కున ఆగిపోతుంది, మీటరు మీద ముల్లు లేస్తుంది. ఒకసారి నొక్కితే అవును. రెండుసార్లు నొక్కితే కాదు. నొక్కి అలాగే పట్టుకుందంటే నవ్వుతోందన్నమాట. ఇది ఎవరూ నేర్పలేదు. ఒకరోజు వేడిరొట్టె, "వానకోయిలా, ఉన్నావా?" అని ఊరికే, అలవాటుగా పిలిచాడు. నేను తల దించుకుని కూర్చున్నాను. తను నా చేతిలోంచి మైకు లాక్కుని నొక్కింది. ఆ మనిషి "వచ్చావా తల్లీ" అన్నాడు.

తల ఊపితే పోయేదానికి ఈ తతంగం ఎందుకని నువ్వంటావు. నేనూ అడిగాను. నాకు ఊపదు. నాకేం అవసరం, ముఖం చూస్తే తెలిసిపోతుందని కాబోలు. పదిమందిలో తన పేరు పిలిచి, తన వంతు కోసం ఆగితేనే జవాబిస్తుంది. ఇంక నాకు రాయడం చేతకాదు.

ఎర్మెస్


పొత్సాల్లో, 3 మార్చి 1995

అన్నయ్యా,

వీధంతా మిఠాయి పంచిన మనిషిని నేను. ఇప్పుడు అందరూ "మీ వదిన ఎలా మాట్లాడుతోంది?" అని అడుగుతుంటే ఏం చెప్పను? బటన్ నొక్కుతోందని చెప్పనా? "తిరిగొచ్చింది, పోట్లాడింది" అని రాస్తే ఎవరైనా ఏమనుకుంటారు? నీ వడ్రంగం చేతులకి ఒక్క వాక్యం ఎక్కువ రాయడం అంత బరువా?

వదిన మనసు నొప్పించానంటే మాత్రం నా ప్రాణం విలవిల్లాడుతోంది. ఆ క్యాసెట్టు పొయ్యిలో పడేశాను.

కానీ అన్నయ్యా, ఒక మాట చెబుతాను, కోప్పడకు. బటన్ నొక్కడం మాట కాదు. నిన్ను నువ్వు మభ్యపెట్టుకుంటున్నావు. మాట పోయినవాళ్ళ చేత మళ్ళీ పలికించే డాక్టరమ్మ కతానియాలో ఉంది. మీ బావ వెళ్ళి మాట్లాడాడు. ఈస్టరుకి మేమొచ్చి వదినని తీసుకొస్తాం. కింది గదికి సున్నం కూడా వేయించాను. ఆరునెలలు నా దగ్గర ఉండనీ. నువ్వూ రా, నీ పెట్టె మాత్రం తేకు.

ఒండీనా


వెన్జోనె, 26 మార్చి 1995

ఒండీనా,

నీ గది సంగతి నేను తేల్చలేదు. తననే అడిగాను. ముందు ఇంకో సంగతి జరిగింది, అది చెబితే గానీ ఇది అర్థం కాదు.

పోయిన శనివారం సాయంత్రం మా వాకిట్లో కారాగింది. పైన కడ్డీల యాంటెన్నా, లోపల ముగ్గురు మగాళ్ళు, మొహాలు కందగడ్డలు. పక్క లోయవాళ్ళు. రోజూ సాయంత్రం ఎవడో తమ ఛానెల్ మీద మాట లేకుండా బటన్ నొక్కి పట్టుకుని అందరి కబుర్లూ చెడగొడుతున్నాడని, ముల్లు ఎటు లేస్తే అటు కారు తిప్పుకుంటూ మా గుమ్మందాకా వచ్చారు. వాళ్ళలో లావుపాటాయన పళ్ళ డాక్టరట.

"ఆ దొంగవెధవ ఎవడో బయటికి రమ్మను" అన్నాడు.

"వాడు కాదు, ఆవిడ. బయటికి రాలేదు, మీరే లోపలికి రండి" అన్నాను.

బూట్ల మంచు కూడా దులుపుకోకుండా పడగ్గదిలోకి వచ్చారు. అల్దా దిండుకి ఆనుకుని, మైకు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెట్టెలో సుద్దముక్క తన పిల్లి ఎలా చెట్టెక్కి దిగలేకపోయిందో చెప్పి అప్పుడే తనకి వంతిచ్చింది. వానకోయిల నవ్వుతోంది, అంటే బటన్ వదలట్లేదు. ముగ్గురూ గోడకి బొమ్మల్లా నిలబడిపోయారు. పళ్ళ డాక్టరు టోపీ తీసి, "అమ్మా, మాకు తెలీదు" అన్నాడు. అల్దా అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, బూట్ల దగ్గర చూపు ఆపింది. చెప్పొద్దూ, ముగ్గురూ బయటికెళ్ళి బూట్లు దులుపుకొచ్చారు. తర్వాత నా గ్రాపా సారా సీసా ఖాళీ చేసి, చక్రంలో పేర్లు రాయించుకుని వెళ్ళారు.

ఇక నీ సంగతి. మర్నాడు చక్రంలో అందరూ ఉండగా, "వానకోయిలా, ఒండీనా నిన్ను సిసిలీ తీసుకెళ్తానంటోంది, వెళ్తావా?" అని అడిగాను. రెండుసార్లు నొక్కింది. సరిగ్గా వినలేదేమోనని సుద్దముక్క మళ్ళీ అడిగింది. మళ్ళీ రెండు. అంతమంది సాక్షులు.

కోప్పడకు.

ఎర్మెస్


పొత్సాల్లో, 8 ఏప్రిల్ 1995

అన్నయ్యా,

నా వదిన నాతో రానని చెప్పడానికి ఊరూ పేరూ తెలియని పళ్ళ డాక్టర్లు సాక్షులా? ఇంటి విషయం బజార్లో పెట్టి అడిగావు. నా తరఫున ఎలా అడిగావో నాకు తెలియదా? "పట్టుకుపోతుందట, పోతావా?" అన్నట్టు అడిగి ఉంటావు.

ఆవిడ నన్ను పెంచింది. నేను చేస్తానంటే కాదంది. సరే. ఆ గదిలో ఉల్లిపాయలు ఆరబోశాను.

ఈస్టరుకి రావట్లేదు.

ఒండీనా


వెన్జోనె, 3 మే 1998

ఒండీనా,

మూడేళ్ళుగా క్రిస్మస్ కార్డు మీద సంతకం తప్ప నీ చేతిరాత చూడలేదు. నేనూ తక్కువేం తినలేదులే. ఈ ఉత్తరం పోట్లాటకి కాదు.

అల్దా బాగానే ఉంది. చక్రం బాగాలేదు. వేడిరొట్టెకి కొడుకు జేబులో పెట్టుకునే ఫోన్ కొనిపెట్టాడు, అది పట్టుకుని ఊరంతా తిరుగుతూ గట్టిగా అరుస్తున్నాడు, పెట్టె అమ్మేశాడు. పళ్ళ డాక్టరూ వాళ్ళూ మొదట వారానికోసారి, తర్వాత పండగలకి వచ్చారు, ఇప్పుడు రావట్లేదు. అందరి జేబుల్లోనూ అదే. వాళ్ళని తిట్టి ప్రయోజనం లేదు. నాకే దారిలో ఎవరైనా ఒకటి ఇస్తే నీకు ఫోన్ చేసి పోట్లాడేవాణ్ణేమో. కానీ ఒండీనా, మాట రాని మనిషి ఫోన్లో ఏం చేస్తుంది? అవతలి వాళ్ళు "హలో, హలో" అని పెట్టేస్తారు. ఫోన్లో నిశ్శబ్దానికి అర్థం లేదు.

సుద్దముక్క ఒక్కతే మిగిలింది. రోజూ ఇద్దరమే తిప్పుతున్నాం చక్రాన్ని, అల్దాతో ముగ్గురం. ఆవిడ జూన్ నెలాఖరుకి ఊదినెలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. అక్కడ ఫ్లాటువాళ్ళు మిద్దె మీద యాంటెన్నా పెట్టనివ్వరట. ఈ సంగతి నిన్న చక్రంలో చెప్పింది. మైకు అల్దా చేతిలో పెట్టాను. నొక్కలేదు. చాలాసేపు ఎదురుచూశాం. అటు సుద్దముక్క ముక్కు చీదుకోవడం వినిపించింది.

మాకున్నది ఒక్కటే పెట్టె. ఒకే గదిలో కూర్చుని ఒకే పెట్టెతో నేను తనని పిలవలేను. అవతల ఒక మనిషి ఉండాలి. జూలై నుంచి ఎవరూ ఉండరు. మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటే నేను ఈసారి ఏం చెయ్యాలో నాకు తెలియదు. నిన్నేమీ అడగడం లేదు. చెప్పుకోవడానికి ఇంకెవరూ లేక రాస్తున్నాను.

డెబ్బైమూడు,
ఎర్మెస్


పొత్సాల్లో, 14 మే 1998

అన్నయ్యా,

మీ బావ అటకెక్కాడు. అరవై అయిదేళ్ళ మనిషి, నిచ్చెన పట్టుకోలేక నా చేతులు పడిపోయాయి. ఎలకలు తీగలు కొరికాయి గానీ పెట్టె బతికే ఉందట. మిద్దె మీద ఇనపగొట్టం పాతుతున్నాడు. అగతీనా కిటికీలోంచి చూసి శిలువ గుర్తు వేసుకుంది.

నీ పెట్టె కూత పక్క లోయదాకా వెళ్ళడమే గొప్ప, ఇక్కడిదాకా ఎలా వస్తుందని అడిగాను. ఎండాకాలం మొదట్లో ఆకాశం తెరుచుకుంటుందట. అప్పుడు కూత పైకెగిరి తగిలి కిందపడుతుందట, పక్క ఊరు వినపడదు గానీ వెయ్యి కిలోమీటర్ల అవతలిది వినపడుతుందట. సైన్యంలో సగం బుద్ధి పోగొట్టుకున్నాడనుకున్నాను, కానీ చాలా నిబ్బరంగా చెబుతున్నాడు. నిజమేనా?

ఏ ఛానెల్, ఎన్నింటికి? నన్ను ఏమని పిలుస్తారు?

కోపం పోయిందనుకోకు.

ఒండీనా


వెన్జోనె, 22 మే 1998

చెల్లీ,

నిజమే. కానీ ఆకాశం మన నౌకరు కాదు. ఒకరోజు అయిదు నిమిషాలు తెరుచుకుంటుంది, ఒకరోజు గంట, వారమంతా అసలు తెరుచుకోదు. ఎండాకాలం అయ్యాక మూసుకుంటుంది. అల్దాకి ఇంకా చెప్పలేదు, ఆశపెట్టి కూర్చోబెట్టడం నా వల్ల కాదు. జూన్ ఒకటి నుంచి రోజూ పొద్దున పదకొండింటి దగ్గర్నుంచి కూర్చుంటాను. పాత ఛానెలే, బావకి తెలుసు.

పద్ధతి చెబుతాను. నేను మాట్లాడి నీకు వంతిస్తాను. నువ్వు చెప్పాల్సింది చెప్పి "నీ వంతు, వానకోయిలా" అని బటన్ వదిలెయ్యాలి. వదిలాక నోరు మూసుకోవాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, నీకు అన్నిటికన్నా కష్టం. మైకు నా దగ్గర్నుంచి తన చేతిలోకి వెళ్ళాలి, వేళ్ళు కుదురుకోవాలి, టైం పడుతుంది. నువ్వు తొందరపడి "వదినా, వదినా" అని బటన్ నొక్కావంటే తను నొక్కింది నీకు వినపడదు.

మారుపేరు సుద్దముక్క పెట్టింది. ఉల్లిపాయ. గది సంగతి నేను చెప్పాను, తప్పే.

డెబ్బైమూడు,
ఎర్మెస్


పొత్సాల్లో, 13 జూన్ 1998

అన్నయ్యా,

ఇవాళ జరిగింది నీకు తెలుసు, సగం. మిగతా సగం నా వైపుది, రాయకపోతే నిద్ర పట్టదు.

ఇన్నాళ్ళూ పొయ్యి మీద కూర వదిలేసి ఆ పెట్టె ముందు కూర్చున్నాను. స్పెయిన్‌వాళ్ళు వచ్చారు, ఎవరో జర్మన్ పాట పాడాడు, నువ్వు రాలేదు. ఇవాళ వంట మధ్యలో చేతులు పిండిగా ఉన్నాయి, మీ బావ "ఒండీనా!" అని ఒక్క కేక. డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టు నీ గొంతు. "ఉల్లిపాయా, ఉన్నావా?" అంటున్నావు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నువ్వు నేర్పిన పద్ధతంతా గాలికి పోయింది. మీ బావే నా వేలు పట్టుకుని బటన్ మీద పెట్టాడు.

నేను ఏం అడిగానో నువ్వు విన్నావు. "వదినా, గదికి సున్నం వేయించి నిన్ను లాక్కురావాలని చూశాను, నా మీద కోపమా? నీ వంతు, వానకోయిలా." వదిలేశాను. నోరు మూసుకున్నాను అన్నయ్యా, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మరీ. పెట్టెలో ఒకటే హోరు. ఆకాశం మూసుకుపోయిందేమో అనుకున్నాను. అప్పుడు హోరు ఆగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది. రెండుసార్లు.

బటన్ నొక్కడం మాట కాదని రాశాను కదూ. నాకేం తెలుసు? ఆవిడ నా జడ లాగి "అదేం లేదులే పిచ్చిదానా" అంటే ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంది.

ఇంకేమీ తోచక, "అన్నయ్య పొలెంటా ఇంకా అడుగంటుతోందా వదినా?" అని అడిగాను. ఒకసారి ఆగింది హోరు. సన్నగా గాలి పీల్చుకునేంత సేపు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఆగి, ఇక రాలేదు. ముల్లు పైకి లేచి అక్కడే నిలబడిపోయింది. ఇంట్లో ఈగ ఎగిరినా వినపడేంత నిశ్శబ్దం. మీ బావ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే అగతీనా తన సీరియల్ చెడిపోయిందని గరిటె పట్టుకుని లోపలికొచ్చింది. నన్ను చూసింది, పెట్టెని చూసింది. "ఏమిటే, ఇందులో ఏమీ వినపడట్లేదు, దీనికేనా నా టీవీ పాడు చేశారు?" అంది.

"నోర్ముయ్, వదిన నవ్వుతోంది" అన్నాను.

డెబ్బైమూడు,
ఉల్లిపాయ